రెండక్షరాలు

పదకొండేళ్ళుగా నాకు వచ్చిన మంత్రం రెండక్షరాలే.
"ఓనె" అని కొడితే చాలు,
ఓ నెగెటివ్ వాళ్ళు మొత్తం, ఎనభై మూడు మంది,
ఒక్క నీలిరంగు బిళ్ళలో ముడుచుకుని కూర్చునేవాళ్ళు.
బర్కత్‌పురా బ్లడ్ బ్యాంకులో
ఫ్రిజ్ మోతకీ చల్లారిన చాయ్‌కీ మధ్య
నేను రాసేది ఎప్పుడూ ఒకే వాక్యం:
ఫలానా ఆసుపత్రి, ఫలానా వార్డు, మీరు రాగలరా?

మీరు.
ఒక్కరో వందమందో తేల్చని మాట.
తలాబ్‌కట్టలో బిస్కెట్ బట్టీ ముందు మునవ్వర్
తననే అడుగుతున్నారనుకునేవాడు.
బొల్లారం జోసెఫిన్ టీచరు
ఊరు మొత్తంలో ఆ రక్తం తనకొక్కదానికే ఉందన్నట్టు
ఆటో దిగి, చిల్లర తీసుకోకుండా మెట్లెక్కేది.
ఇద్దరు చాలన్న రోజున ఐదుగురొచ్చి
బెంచీ మీద ఒకరినొకరు వింతగా చూసుకునేవాళ్ళు.

మొన్న మంగళవారం సాఫ్ట్‌వేర్ తనంతట తానే కొత్తదైంది.
ఎవరడిగారు?
పొద్దున వచ్చేసరికి బటన్లన్నీ గుండ్రంగా,
పైన "మీ కోసం మరింత మెరుగ్గా" అని ఒక పలకరింపు.
మనం లేనప్పుడు ఎవరో వంటింట్లో దూరి
డబ్బాలన్నీ సర్ది పోయినట్టు.
ఉప్పు ఎక్కడుందో ఉప్పుకే తెలియాలి.

ఆ రాత్రి పదకొండున్నరకి కోఠి నుంచి ఫోను.
బాలింత. పేరు భాగ్య. రెండు యూనిట్లు.
"ఓనె" కొట్టాను.
బిళ్ళ రాలేదు.
జల్లెడ బోర్లాపడ్డట్టు ఎనభై మూడు పేర్లూ
జలజలా పరుచుకున్నాయి, అందరికీ కనిపించే గడిలో.
దాచే గడి ఎక్కడికి పోయిందో వెతికే తీరిక లేదు.
పంపేశాను.

నాకొక్కదానికే రావాల్సిన మొదటి జవాబు
అందరికీ వెళ్ళింది.
"మేడమ్, నాకు షుగరొచ్చి ఆర్నెల్లయింది. ఇన్సులిన్ మీదున్న.
ఇంట్ల తెల్వదు. మీ కడుపుల పెట్టుకోండ్రి."
రాసింది ఉప్పల్ డిపోలో నైట్ డ్యూటీ ఐలేశం.
ఆ లిస్టులో ఆయన భార్య సత్తెమ్మ కూడా ఉందని
నాకు గుర్తొచ్చేలోగా
ఆమె జవాబూ వచ్చింది. అదీ అందరికీ:
"ఇంటికి రా. చెప్త."

ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు.
ఎవరో, నన్నీ లిస్టులోంచి తీసెయ్యండి అన్నారు.
ఇంకెవరో, నన్ను కూడా.
పన్నెండుంపావు. ముప్ఫై ఏడు మెయిళ్ళు.
బెంచీ ఖాళీ.
తెర మూలన ఐదు నక్షత్రాలు మినుకుమంటూ:
కొత్త పద్ధతి ఎలా ఉంది?

ఇన్నేళ్ళూ వాళ్ళని రప్పించింది నా వాక్యం కాదు కాబోలు,
పక్కవాడు కనబడకపోవడం.
ఇంతమందిలో ఒక్కరు పోకపోతారా అని
ఎవరికి వారు ఫ్యాను పెంచుకుని పడుకున్నారు.
తప్పు పట్టను. నేనైనా అంతే.

సొరుగులోంచి పాత రిజిస్టరు తీశాను, అట్ట ఊడింది,
మొదటి పేజీలో నా చేతిరాత ఇంకా చిన్నపిల్లలా ఉంది.
"మునవ్వర్ భాయ్, నిద్ర లేపానా?"
"మెయిల్ చూసిన అక్కా. శానామంది ఉన్నరు గదా అనుకున్న."
"లేరు" అన్నాను. "మీరే."

పన్నెండూ యాభైకి వచ్చాడు, మోచేతికి మైదా పిండితో.

రెండో యూనిట్ సత్తెమ్మది.
నేను ఫోను చెయ్యలేదు, తనే వచ్చింది.
ఐలేశం బండి మీద తెచ్చి దింపాడు,
పైకి రాలేదు, గేటు దగ్గర హెల్మెట్ తియ్యకుండా నిలబడ్డాడు.
రబ్బరు బంతి నొక్కుతూ ఆమె పైకప్పు కేసి చూసింది.
నొప్పా అనడిగాను.
"ఆర్నెల్లు మేడమ్" అంది.
"ఆయన చాయ్‌ల చక్కెర నేనే ఏస్తున్న.
రెండు చెంచాలు."